పద్నాలుగో నంబరు వీధి

నోరిస్ వీట్‌క్రాఫ్ట్ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు నాటింగ్‌హామ్ పురపాలక సంఘంలో కాలిబాటలకు రాళ్లు పరిచాడు. పరిచిన ప్రతి రాయినీ సుత్తి పిడితో తట్టి, చెవి పెట్టి వినేవాడు. కింద ఇసుక సరిగ్గా కూర్చోకపోతే రాయి డొల్లగా పలుకుతుంది. అలా పలికితే పీకి మళ్లీ వేయాల్సిందే. పైవాళ్లు తొందరపెట్టినా సరే, నెత్తిన వాన పడుతున్నా సరే. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు పోలేదు. కూరగాయల దుకాణంలో తూకం ముల్లు దాకా వంగి చూస్తాడు. పాలవాడు సీసా పెట్టి వెళ్లగానే మూత నొక్కి చూస్తాడు. భార్య ఎనిడ్ ఎప్పుడైనా "అలసిపోయావా?" అని ముద్దుగా అడిగితే, ఈవిడ ఏం పగలగొట్టిందో అని వంటింట్లోకి తొంగి చూస్తాడు.

ఇంత అనుమానపు మనిషి ఒక నగరం కట్టాడు. ఇంటి వెనక షెడ్డులో, పదకొండేళ్లు పట్టింది. రెండడుగుల చదరం చెక్క పలకలు ఇరవై నాలుగు. ఒక్కో పలక మీద ఒక వీధి, అటూ ఇటూ ఇళ్లు. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద రొట్టెల దుకాణం, ఇంకోదాని మీద బాంబు పడి సగం కూలిన బడి. ఏ పలక మీదైనా సరే, రోడ్డు అంచుకు నడిమధ్యనే బయటికి రావాలి. అలా వస్తేనే ఏ పలక పక్కన ఏ పలక పెట్టినా, ఎటు తిప్పి పెట్టినా వీధికి వీధి కలుస్తుంది. ఈ వారం చర్చి పక్కన ఉన్న దుకాణం వచ్చే వారం ఊరి చివర ఉంటుంది. అందుకే దాని మీద బొమ్మ సైనికులతో యుద్ధాల ఆట ఎన్నేళ్లు ఆడినా అది ఎవరికీ బట్టీ పట్టిన ఊరు కాలేదు.

గోడలకు థర్మోకోల్ వాడాడు. కూలిన గోడల గుట్టలకు పిల్లుల తొట్టెలో పోసే మట్టి గుళికలు వాడాడు. కాలిబాట రాళ్లకు మాత్రం కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్ట తప్ప ఇంకేదీ పనికి రాదన్నాడు. పాపం ఎనిడ్‌కు కార్న్‌ఫ్లేక్స్ అంటే వాంతి. అయినా పదకొండేళ్లు తింది. ఒక్కో రాయీ సరిగ్గా అంగుళం. బొమ్మ సైనికుడి పాదాల కింద ఉండే చక్కి కూడా అంగుళమే కాబట్టి, ఒక రాయి మీద ఒక మనిషి బాగా కుదిరి నిలబడతాడు. అంతకు మించి అందులో మతలబు ఏమీ లేదని నోరిస్ అందరితో చెప్పేవాడు. తనూ అదే నమ్మాడు.

ఆట జరిగేది బుల్వెల్ గని కార్మికుల హాల్లో. గని మూతపడి చాలా కాలమైంది, హాలు మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆట క్లబ్బువాళ్లు పదిమంది దాకా చేరతారు. అందరూ అరవై దాటినవాళ్లే. బల్లలు కలిపి, సంచిలోంచి చీటీలు తీసి, వచ్చిన పన్నెండు నంబర్ల పలకలు పరుస్తారు. ఆ వీధుల్లో రెండో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టి టీ వేళకల్లా ముగిస్తారు.

ఆ క్లబ్బుకు ఒక పాత నియమం ఉంది. మోర్టారు, అంటే గుండు పైకి విసిరే చిన్న ఫిరంగి బొమ్మ, పేల్చేటప్పుడు కొలత టేపు ముట్టుకోకూడదు. ఎదుటివాడి మోర్టారు ఎన్ని అంగుళాల దూరంలో ఉందో కంటితోనే అంచనా కట్టి, చీటీ మీద రాసి, తన టీ సాసరు కింద పెట్టాలి. ఎదుటివాడూ అంతే. ఇద్దరివీ పెట్టాక అంపైరు చీటీలు చదివి, అప్పుడు టేపు తెస్తుంది. అంగుళం లోపు తేడా ఉంటే తగిలినట్టు, దాటితే గుండు గాలికి పోయినట్టు. అంపైరు థెల్మా గాడ్స్‌బీ. ఇరవై ఐదేళ్లు బడి భోజనశాలలో మూడు వందల మంది పిల్లలకు గరిటె తిప్పిన మనిషి. ఆవిడ గొంతెత్తితే తాతలు కూడా వరసలో నిలబడతారు.

ఈ మోర్టారు లెక్కలో నోరిస్‌ను కొట్టినవాడు లేడు. అతని గుండు ఎప్పుడూ సరిగ్గా పడేది. ఎలా అని అడిగితే కనురెప్ప కిందికి లాగి చూపించేవాడు. "ముప్పై ఒక్క ఏళ్లు నేల చూస్తూ బతికిన కన్ను డక్, దీనికి టేపెందుకు?" అనేవాడు. ఆ ఊళ్లో చనువుగా పిలిస్తే ఆడా మగా, చిన్నా పెద్దా, అందరికీ అందరూ డక్కే, అంటే బాతులే.

సిరిల్ షాక్‌లాక్ మోర్టారు సంగతి వేరు. సిరిల్ గుండు ఎక్కడ పడుతుందో సిరిల్‌కే తెలియదని, అతను మోర్టారు తీస్తే సొంత సైనికులే దాక్కుంటారని క్లబ్బంతా నవ్వేది. సిరిల్ సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నలభై ఏళ్ల కింద ఒకరోజు నోరిస్ అప్పుడే పరిచిన కాలిబాట మీదికి బస్సు చక్రం ఎక్కించి నాలుగు రాళ్లు పగలగొట్టాడు. ఇద్దరూ నడిరోడ్డు మీద పది నిమిషాలు బూతులు తిట్టుకున్నారు. బస్సులో జనం దిగి చూశారు. మర్నాడు సిరిల్ సెలవు పెట్టి వచ్చి, చొక్కా చేతులు మడిచి, ఆ నాలుగు రాళ్లూ తనే మోసి ఇచ్చాడు. అప్పటినుంచి ఒకరింట్లోకి ఒకరు తలుపు తట్టకుండానే వెళ్లేంత స్నేహం.

మార్చి నెలలో సిరిల్ గుండు తగలడం మొదలైంది.

మొదటి ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు. రెండో ఆదివారం కూడా తగిలింది. మూడో ఆదివారం థెల్మా సిరిల్ చీటీ విప్పి, "ఇరవై ఆరు" అని చదివి, టేపు లాగి చూసి, "సరిగ్గా ఇరవై ఆరే, ఏం తింటున్నావు డక్ ఈ మధ్య?" అంది. సిరిల్ ఇకిలించాడు. ఆ ఇకిలింపు నోరిస్‌కు నచ్చలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాడు.

ఆ రోజునుంచి నోరిస్ కళ్లకు అన్నీ కనిపించసాగాయి. హాల్లో పలకలు పెట్టే బీరువాకు తాళం చెవులు రెండే. ఒకటి తన దగ్గర, రెండోది క్లబ్బు కార్యదర్శిగా సిరిల్ దగ్గర. నోరిస్ పలకలను నంబరు వరసనే పెడతాడు. ఏప్రిల్లో ఒకనాడు బీరువా తెరిస్తే ఆరు తర్వాత తొమ్మిది ఉంది, తొమ్మిది తర్వాత ఏడు. తను ఇలా పెట్టడు, చచ్చినా పెట్టడు. మే నెలలో మంగళవారం నాడు ఎనిడ్‌కు మందులు తేవడానికి వెళ్తుంటే, సిరిల్ హాలు వెనక తలుపులోంచి బయటికి వస్తున్నాడు.

"ఎక్కణ్ణుంచి?" అని అడిగాడు నోరిస్.

"పోస్టాఫీసుకి వెళ్లొస్తున్నా."

"పోస్టాఫీసు అటు కదా."

"ఇటు తిరిగొచ్చాలే డక్, నడక మంచిదన్నాడు డాక్టరు."

నోరిస్‌కు ఇంకేమీ అడగాల్సిన అవసరం లేదనిపించింది. వారం మధ్యలో ఎవరూ లేనప్పుడు సిరిల్ తాళం తీసి, ఒక్కో పలకా బయటికి లాగి, ఏ మలుపు నుంచి ఏ మలుపుకు ఎన్ని అంగుళాలో, ఏ గోడ దగ్గర ఎన్నో రాయో కొలిచి రాసుకుంటున్నాడు. కంచే చేను మేస్తోంది. లేకపోతే ఇరవై ఏళ్లు గురి తప్పినవాడికి వారానికో మారు గురి ఎలా కుదురుతుంది?

కోపం కన్నా భయం ఎక్కువగా ఉండేది. పోయేది ఆట కాదు. సిరిల్ దొంగ అని తేలితే నలభై ఏళ్లలో ఇంకేం నమ్మాలి? ఎనిడ్ ఆస్పత్రిలో ఉన్న నెల రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించింది సిరిల్. నోరిస్ తమ్ముడి శవపేటికకు ఒక మూల పట్టింది సిరిల్. అవన్నీ కూడా తట్టి చూడాల్సినవేనా అని రాత్రిళ్లు పక్క మీద దొర్లేవాడు. పొద్దున లేచాక మాత్రం, అలాంటివాడే మోసం చేస్తే ఇంకా ఘోరం కదా అని పళ్లు నూరేవాడు.

ఎనిడ్ పసిగట్టింది. "సిరిల్ వచ్చి గంట కూర్చుంటే నువ్వు నాలుగు ముక్కలు మాట్లాడలేదు. ఏమైంది మీ ఇద్దరికీ?"

"ఏమీ కాలేదు."

"పాలవాడి మీద కూడా ఇలాగే మూతి ముడిచావు. చివరికి పాలు తాగేసింది పక్కింటి పిచ్చుకలు అని తేలింది."

"పిచ్చుకలకి తాళం చెవులుండవు."

ఎనిడ్‌కు అర్థం కాలేదు. పిచ్చుకలకూ తాళాలకూ సంబంధమేమిటని కాసేపు ఆలోచించి, టీవీ పెట్టుకుంది.

ఆగస్టులో నోరిస్‌కు ఉపాయం తట్టింది. పద్నాలుగో పలక మూల చిట్లిందని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. అది సూటి వీధి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డం లేని కాలిబాట. ఒక్కో వరసకు అంగుళం రాళ్లు ఇరవై నాలుగు. వాటిని కత్తితో గీకి తీసేశాడు. వాటి స్థానంలో వరసకు ఇరవై ఏడు వచ్చేలా, ఒక్కో రాయీ వెంట్రుకవాసి చిన్నగా కోశాడు. వీధికి అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు. మొత్తం నూట ఎనిమిది రాళ్లు. అష్టోత్తరం చదివినట్టు ఒక్కొక్కటే అతికించి, పాత రంగే పూసి, పాత మురికే పట్టించి, కళ్లు చికిలించి చూశాడు. తనకే తేడా తెలియలేదు.

ఇక పట్టుబడక ఎక్కడికి పోతాడు? రాళ్లు లెక్కపెట్టి దూరం రాసేవాడు ఈ వీధిలో మూడు అంగుళాలు ఎక్కువ రాస్తాడు. కంటితో చూసి రాసేవాడికి ఏమీ కాదు. ఒక్క విషయంలో మాత్రం నోరిస్ మనసు కాసేపు పీకింది. ఈ పలక సంగతి తనకు తెలుసు, తెలిసి లెక్కకట్టి రాస్తే తనదీ మోసమే అవుతుంది. కాబట్టి ఆ వీధి వస్తే లెక్కలు కట్టకూడదని, ఎప్పటిలాగే తన కన్ను ఏది చెబితే అదే రాయాలని ఒట్టు పెట్టుకున్నాడు. మోసగాణ్ణి మోసంతో పట్టుకున్నాననే పేరు తనకు వద్దు.

మొదటి ఆదివారం సంచిలోంచి పద్నాలుగు రాలేదు. రెండో ఆదివారం వచ్చింది గానీ బల్ల మూలకు పడింది, ఎవరూ అటు వెళ్లలేదు. మూడో ఆదివారం, అంటే అక్టోబరు మొదట్లో, థెల్మా చెయ్యి పెట్టి మొట్టమొదట తీసిన చీటీయే పద్నాలుగు. బల్ల నడిమధ్యన పరిచారు. ఆ రోజు కూడా నోరిస్‌కు ఎదుటి పక్షం సిరిల్‌దే.

పరిచాక సిరిల్ వంగి ఆ వీధిలోకి చూశాడు. ముక్కు కాలిబాటకు తగిలేంత దగ్గరగా వంగాడు. సిరిల్ ఉఫ్‌మని ఊది, దుమ్ము పోగొట్టి, "బాగా అతికించావు డక్, చిట్లిన చోటు కనపడనేలేదు" అన్నాడు.

"అతుకు కనపడితే అది పనేనా?" అన్నాడు నోరిస్.

ఆట రెండు గంటలు నడిచింది. థెల్మా అందరికీ పుదీనా పులుసు పోసిన ఉడికించిన బఠాణీలు గిన్నెల్లో పెట్టింది. నోరిస్ తన గిన్నె పక్కకు జరిపాడు. తన మోర్టారును తెచ్చి పద్నాలుగో వీధికి ఈ చివర పెట్టాడు. ఒక గంటకు సిరిల్ తన మోర్టారును ఆ వీధి దాటి, అవతలి పలక మీద ఆరో రాయి దగ్గర దించాడు. మధ్యలో అడ్డం ఏమీ లేదు, సాఫీగా కాలిబాట. ఇంత సులువుగా వచ్చి పడతాడని నోరిస్ కలలో కూడా అనుకోలేదు.

"చీటీలు రాయండి" అంది థెల్మా.

నోరిస్ పెన్సిలు తీసుకున్నాడు. ఒట్టు గుర్తుంది. లెక్క కట్టలేదు. వీధి పొడుగునా ఒక్కసారి చూపు నడిపి, కన్ను చెప్పింది రాసి, మడిచి సాసరు కింద పెట్టాడు. ఏం రాశాడో మళ్లీ చూసుకోలేదు. ధ్యాసంతా సిరిల్ మీదే. సిరిల్ చెంపకు చెయ్యి ఆనించుకుని నోరిస్ వైపే చూస్తున్నాడు, పెదవి చివర అదే ఇకిలింపు. తర్వాత గబుక్కున రాసి మడిచాడు.

థెల్మా ముందు సిరిల్ సాసరు ఎత్తింది. చీటీ విప్పింది.

"ముప్పై మూడు."

నోరిస్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. "ఆగు! టేపు తియ్యి. ముందు టేపు తియ్యి!"

"ఇంకో చీటీ ఉంది కదా, పద్ధతి ప్రకారం..."

"పద్ధతి నాకు చెప్పకు. టేపు తియ్యి థెల్మా."

ఆ గొంతు విని మిగతావాళ్లు చేతుల్లో గిన్నెలతోనే బల్ల చుట్టూ మూగారు. థెల్మా టేపు లాగింది. రెండు మోర్టార్ల మధ్య ముప్పై అంగుళాలు.

"ముప్పై" అన్నాడు నోరిస్. "ముప్పైని ముప్పై మూడు అని ఎవడు రాస్తాడు? కంటితో చూసేవాడు రాయడు. రాళ్లు లెక్కపెట్టేవాడు రాస్తాడు! ఈ వీధిలో రాళ్లు చిన్నవి. ఇరవై నాలుగు ఉండాల్సిన చోట ఇరవై ఏడు వేశాను, నేనే వేశాను, నా చేత్తో. ఏడు నెలలుగా బీరువా తెరిచి నా నగరం కొలుస్తున్నాడు ఈ మనిషి. పోస్టాఫీసట! ఒప్పుకో సిరిల్. ఇంతమంది ముందు ఒప్పుకో."

సిరిల్ మొహంలోంచి ఇకిలింపు పోయింది. థెల్మా అందరినీ ఒకసారి చూసి, పద్ధతి పద్ధతే అన్నట్టు నోరిస్ సాసరు ఎత్తి, చీటీ విప్పింది. చదవకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

"చదువు" అన్నాడు నోరిస్.

"ముప్పై మూడు" అంది థెల్మా.

నోరిస్ ఆ చీటీ లాక్కున్నాడు. తన రాతే. తన మూడు, తోక కిందికి లాగిన మూడు.

"నేను లెక్కపెట్టలేదు" అన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే మళ్లీ అన్నాడు, "నేను లెక్కపెట్టను."

"పెడతావు డక్" అంది థెల్మా, పిల్లాడికి చెప్పినంత మెల్లగా. "ఈ నగరం పరిచినప్పటినుంచీ పెడుతున్నావు. మాకందరికీ తెలుసు. నీ పెదాలు కదులుతాయి."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"ఆ రాళ్లు కోసిందీ నువ్వే, అతికించిందీ నువ్వే. నీకు తెలియకుండా నీ పెదాలు లెక్కపెట్టుకుంటే మాకు పోయేదేముంది? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోంది, తాగనీ అనుకున్నాం."

నోరిస్ సిరిల్ వైపు తిరిగాడు. "మరి నువ్వు?"

"నేను రాళ్లు లెక్కపెట్టలేదు" అన్నాడు సిరిల్. "నిన్ను చూసి రాశాను. ఫిబ్రవరిలో కంటి పొర తీశారు కదా నాకు. అప్పటిదాకా బల్ల అవతల నువ్వు నాకు ఒక గోధుమరంగు స్వెట్టరువి, అంతే. మార్చిలో మొదటిసారి నీ మూతి కనిపించింది. ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఆరు అని కదులుతోంది. నువ్వు ఎక్కడ ఆగితే నేనూ అక్కడ ఆగి రాశాను. ఎదురెదురు మోర్టార్లకు దూరం ఒకటే కదా."

"అది మోసం కాదా?"

"మోసమే. ఆటపట్టిద్దామనుకున్నా. రెండో వారానికి పట్టుకుని నన్ను బూతులు తిడతావు, ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నా. నువ్వు తిట్టలేదు. మాట్లాడటం మానేశావు. ఏం జబ్బు చేసిందోనని ఎనిడ్‌ని కూడా అడిగాను." సిరిల్ వంగి పద్నాలుగో వీధిలో ఒక రాయిని గోటితో తాకాడు. "చిట్లింది అన్నావే, ఇది."

"చిట్లలేదు."

"ఇవన్నీ నా కోసం కోశావా?"

నోరిస్ తల ఊపాడు.

"ఎన్ని?"

"నూట ఎనిమిది."

సిరిల్ కోటు తగిలించుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలా సేపు పట్టింది, ఎవరూ సాయం చెయ్యలేదు. అతను వెళ్లాక థెల్మా గిన్నెలు దొంతర పేర్చసాగింది.

"బీరువా తెరిచి కొలుస్తున్నాడు అన్నావు కదా" అంది, నోరిస్ వైపు చూడకుండానే. "ఫిబ్రవరినుంచీ వాన పడితే బీరువా మీద పైకప్పు కారుతోంది. అయిదారు పలకలు తడిసి వంకర తిరిగాయి. మంగళవారం మంగళవారం సిరిల్ వచ్చి, వాటిని హీటరు ముందు ఆరబెట్టి, రంగు డబ్బాలు బరువు పెట్టి సాపు చేస్తున్నాడు. నీకు చెబితే నెల్లాళ్లు నిద్రపోవు, చెప్పొద్దు అన్నాడు."

నోరిస్ ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఎనిడ్‌కు అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. ఎనిడ్ ఈసారి వెక్కిరించలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. సోమవారమంతా షెడ్డులో కూర్చున్నాడు గానీ కత్తి పట్టుకోలేదు. తను లెక్కపెట్టేవాడన్న అవమానం ఎంత వెతికినా మనసులో పెద్దగా దొరకలేదు. దొరికింది సిరిల్ కోటు గుండీలు పెట్టుకోవడం ఒక్కటే. ఏడు నెలలు ఆ మనిషిని దొంగ అని అనుకుంటూ అతని పక్కనే కూర్చుని టీ తాగాడు.

మంగళవారం పదింటికి హాలుకు వెళ్లాడు. వెనక తలుపు తీసే ఉంది. లోపల హీటరు ముందు రెండు కుర్చీల మీద పలకలు, వాటి మీద రంగు డబ్బాలు. సిరిల్ మోకాళ్ల మీద కూర్చుని మూడో పలకను తిప్పుతున్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తి చూశాడు, మళ్లీ పని చూసుకున్నాడు.

"సిరిల్" అన్నాడు నోరిస్. "నిన్ను దొంగ అనుకున్నాను. తప్పు చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

"దొంగ అనుకుంటే అనుకున్నావు" అన్నాడు సిరిల్. "నేను చేసింది సగం దొంగతనమే కదా. దానికేం లేదు. ఆ రోజు నా బస్సు నీ రాళ్లు పగలగొడితే, నడిరోడ్డు మీద మా అమ్మనీ నాన్ననీ కలిపి తిట్టావు. నాకు బాగుండింది. ఈసారి ఏడు నెలలు ఒక్క మాట అనకుండా, నా మొహంలోకి చూస్తూ, నాకు వల అల్లుతూ కూర్చున్నావు. నేను నీకు తిట్టడానికి కూడా పనికి రాలేదా?"

నోరిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. సిరిల్ చూశాడు. చూసి, కాసేపు హీటరు వైపు తిరిగి చేతులు కాచుకున్నాడు.

"అలా నిలబడితే ఎలా?" అన్నాడు చివరికి. "ఆరో నంబరు ఆ చివర పట్టుకో. ఒక్కణ్ణే తిప్పితే చర్చి గోపురం విరిగేలా ఉంది."

నోరిస్ కోటు విప్పి పక్కన పడేసి, ఆ చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పలకను మెల్లగా తిప్పి, గోపురం కుర్చీల సందులోకి వచ్చేలా బోర్లా పెట్టారు. వీపు మీద బరువులు పెట్టి, దాని పక్కది తీశారు. అది తొమ్మిదో నంబరు. సిరిల్ దాన్ని కంటి ఎత్తున పట్టుకుని, అంచు వెంబడి చూశాడు.

"ఇది అయిపోయింది. సాపుగా వచ్చింది" అన్నాడు.

కిటికీ అరుగు మీద ఇనుప స్కేలు ఉంది. నోరిస్ చెయ్యి దాని మీదికి వెళ్లింది. స్కేలు అంచుకు ఆనించి, కింద వెలుతురు సందు కనపడుతుందేమో చూడటానికి అర నిమిషం కూడా పట్టదు. చెయ్యి స్కేలు మీదే కాసేపు ఉండిపోయింది. తర్వాత ఖాళీగా వెనక్కి వచ్చింది.

"సరే, లోపల పెట్టు" అన్నాడు.